అలిగిన మేనమామ, అలగని రుమాలు

కామారెడ్డి స్టేషన్ దగ్గర బెల్లం అంగడి నడుపుకునే హనుమాండ్లుకు రెండు పనులు బాగా వచ్చు. ఒకటి, బెల్లం దిమ్మెను వేలితో తట్టి లోపల తడి ఉందో లేదో చెప్పడం. రెండోది అలగడం. మొదటి పనిలో అతనికి సమానమైనవాళ్లు బజారులో ఇంకా ఉండేవాళ్లు. రెండో పనిలో మాత్రం కామారెడ్డి మొదలు జుక్కల్ దాకా వెతికినా దొరికేవాళ్లు కారు. బెల్లం అమ్మేది కడుపు కోసం, అలిగేది మర్యాద కోసం. కడుపు నిండిన రోజులు ఉన్నాయి గానీ మర్యాద నిండిన రోజు మాత్రం అతని జన్మలో రాలేదు.

ఈ విద్య అతనికి చిన్నప్పుడే అబ్బింది. అక్క గౌరవ్వను ఎల్లారెడ్డి ముత్తయ్యకు ఇచ్చి పెళ్లి చేసిన రోజున, సన్నాయి ఊదేవాళ్లతో సహా అందరికీ కొత్త బట్టలు పెట్టి పెళ్లిపిల్ల తమ్ముడికి పెట్టడం మరిచిపోయారు. పిల్లవాడు వెళ్లి గడ్డివాము ఎక్కి కూర్చున్నాడు. తల్లి పిలిచింది, దిగలేదు. తండ్రి పిలిచాడు, దిగలేదు. ఆఖరికి పెళ్లికొడుకే నుదుటి మీద బాసింగంతో గడ్డివాము కిందికి వచ్చి, "దిగిరా బామ్మర్ది. నువ్వు లేంది నాకు బువ్వ దిగది" అన్నాడు. వెనకే డప్పులు, సన్నాయి, ఊళ్లో సగం మంది. ముత్తయ్య మేనత్త రాములవ్వ అప్పుడే నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "గీ పోరనికి రుచి తగిలింది. ఇగ ఇడువడు" అంది. ఆవిడ నోటి మాట అంతే. జాతకం రాసే అయ్యగారికి కూడా అంత బాగా కుదరలేదు.

అప్పటి నుంచి చుట్టాల్లో ఏ శుభకార్యమైనా, వంటకు ఒకరిని, వడ్డనకు ఒకరిని కుదుర్చుకున్నట్టే హనుమాండ్లును బతిమాలి బుదరకియ్యడానికి కూడా ఒకరిని కుదుర్చుకునేవాళ్లు. అలగడానికి అతను పద్ధతి పెట్టుకున్నాడు. పందిట్లో వాళ్లకు కనబడాలి, కానీ ఎవరికీ కనబడకుండా కూర్చున్నట్టు ఉండాలి. మొదటిసారి పిలిస్తే తల తిప్పకూడదు. రెండోసారికి ఒక నిట్టూర్పు. మూడోసారికి "నేనేం అలగలే" అనాలి. అలా అన్నాడంటే లేవబోతున్నాడని అర్థం. కొత్తగా వచ్చిన చుట్టాలు ఎవరైనా ఆ మాట నమ్మి వెనక్కి వెళ్లిపోతే, వాళ్ల మీద ఇంకో అలక మొదలయ్యేది.

పెళ్లాం సాలవ్వ మంచిది. కాపురానికి వచ్చిన రోజు నుంచి ఆ మూడు పిలుపులు పిలిచి పిలిచి ఆవిడ గొంతుకు అదే రాగం పట్టుకుంది. పిల్లిని పాలకు పిలిచినా మూడుసార్లే పిలిచేది.

ఇక ఈ మనిషిని ఒక్క పిలుపు కూడా లేకుండా లేపగలిగింది ఒక్కతే ఉండేది. గౌరవ్వ బిడ్డ శాంతవ్వ. చిన్నప్పుడు మామ అలిగి కూర్చుంటే, ఆ పిల్ల వచ్చి పక్కన అదే తీరుగా కూర్చుని, అదే తీరుగా మూతి ముడిచి, ఆయన నిట్టూరిస్తే తనూ నిట్టూర్చేది. అంతే, నవ్వు వచ్చేది. పోయిన దసరాకు ఆ పిల్ల, అప్పటికే లగ్గం ఖాయమైంది, బెల్లం ముక్క చప్పరిస్తూ అంది: "మామా, నా లగ్గంల అలగకు. నువ్వు అలుగుతే నేను వచ్చి నీ పక్కన కూసునుడు కాదు. గంపల కూసుంట గద."

గంప అంటే, వడ్లు పోసిన గంపలో పెళ్లిపిల్లను కూర్చోబెట్టి మేనమామ పందిట్లోకి తెస్తాడు. వెనక నలుగురు పడితే పట్టనీ, ముందు పట్టు మాత్రం మేనమామదే. గౌరవ్వకు సొంత తమ్ముడు హనుమాండ్లు ఒక్కడే.

"అలగ బిడ్డా. నీ మీద ఒట్టు" అన్నాడు హనుమాండ్లు. ఆ మాట అంటున్నప్పుడు నిజంగానే అన్నాడు.

లగ్గం వైశాఖంలో. యుద్ధం నడుస్తున్న కాలం. మేనమామ అన్నవాడు ముందుగానే చేరి పందిరి గుంజలు పాతించాలి. కానీ ముత్తయ్య పని తొందరలో ఉండి, తను రాకుండా, బస్సు డ్రైవర్‌తో "మా బామ్మర్దిని జల్ది రమ్మను" అని చెప్పి పంపాడు. హనుమాండ్లు ఆ పిలుపు విని ఇంట్లోనే కూర్చున్నాడు. బావ స్వయంగా వస్తాడేమోనని చూశాడు. గుంజలు ఆయన లేకుండానే నిలబడ్డాయి.

"శాంతకు ఒట్టు పెట్టినవు" అని సాలవ్వ గుర్తు చేసింది.

"నేను అలిగిన్నా? ఆలస్యం అయితున్నది, గంతే."

ఆ ఆలస్యం తీరేసరికి లగ్గం రోజే వచ్చేసింది. ముహూర్తం పొద్దుగూకే వేళకు. పొద్దున్నే ఎర్రంచు తెల్ల రుమాలు కొత్తది తలకు చుట్టుకుని, పెళ్లాన్ని తీసుకుని, హనుమాండ్లు బస్సు దగ్గరికి వెళ్లాడు. ఆ రుమాలును బజారంతా చూడాలని స్టేషన్ చుట్టూ తిప్పి మరీ వెళ్లాడు.

ఆ బస్సును బస్సు అనడం మన మంచితనం. యుద్ధం వచ్చి పెట్రోలు దొరక్కపోయేసరికి, ఎవరో సేటు దాని వెనక ఒక ఇనుప పీపా కట్టించి అందులో బొగ్గులు పోయించాడు. బొగ్గు కాలి గ్యాసు పుడితే బండి నడవాలి. నడవకపోతే ఎక్కినవాళ్లు నడవాలి. డ్రైవర్ ఖాజామియా రోజూ దాని పొగలో ఉండి ఉండి, ఇంటికి వెళ్తే పిల్లలు గొంతు విని గుర్తుపట్టేవాళ్లట.

హనుమాండ్లు ముందు సీటు ముందుగానే చెప్పి పెట్టుకున్నాడు. వెళ్లి చూస్తే ఆ సీట్లో బొగ్గుల బస్తా కూర్చుని ఉంది.

"ఖాజామియా, గీ సీటు నాదని చెప్పిన గద."

"చెప్పినవ్ సేటు. గని బొగ్గును ఎనక పెడితే పీపా కాడ నిప్పు అంటుకుంటది. నిన్ను ఎనక పెడితే ఏం అంటుకుంటది?"

ఆడవాళ్ల సీట్లోంచి సాలవ్వ మెల్లగా, "అంటుకుంటది. నీకు ఎరుక లేదు" అంది.

అంటుకుంది కూడా. తాడ్వాయి దాకా హనుమాండ్లు ఒక్క మాట మాట్లాడలేదు. తాడ్వాయి దాటాక రోడ్డు గుట్టల్లోకి ఎక్కుతుంది. కళ్లున్నవాళ్లు చూడాల్సిన తావు అది. రెండు వైపులా రేలచెట్లు ఆకు కనబడకుండా పసుపుపచ్చని గుత్తులు వేలాడేసుకుని నిలబడ్డాయి. వాటి వెనక గుట్ట మీద గుట్ట, దాని వెనక ఇంకో గుట్ట, దూరం పోయేకొద్దీ నీలంగా. లోయలో ఎక్కడో నెమలి అరిచింది. బస్సులో ముసలివాళ్లు కూడా మెడలు బయటపెట్టి చూశారు. హనుమాండ్లు మాత్రం తలల మధ్యలోంచి ముందు సీట్లోని బస్తాను చూస్తూ కూర్చున్నాడు. బస్తా కుదుపుకు అటూ ఇటూ ఊగుతుంటే, తనను వెక్కిరిస్తున్నట్టే ఉంది. పీపా వేడికి తల ఉడికిపోయి రుమాలు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

గుట్ట సగం ఎక్కాక బస్సు దగ్గింది, ఆయాసపడింది, ఆగింది.

"దిగుండ్రి భాయ్, అందరు దిగుండ్రి. ఆడోళ్లు పైకి నడువుండ్రి. మొగోళ్లు నూకుండ్రి" అన్నాడు ఖాజామియా. "ఒక్కసారి అందుకున్నదంటే మల్ల ఆపను. ఆపితే ఎక్కది. ఉరికి ఎక్కాలె."

తాడ్వాయిలో ఎక్కిన ఒకాయన అప్పటి నుంచీ నిలబడి హనుమాండ్లు సీటు వైపే చూస్తున్నాడు. అందుకని హనుమాండ్లు రుమాలును సీటు మీద పరిచి, అది తనదేనని అందరికీ తెలిసేటట్టు రెండుసార్లు సర్ది, దిగాడు. దిగి చేతులు కట్టుకున్నాడు.

"సేటు, నూకు" అన్నాడు ఖాజామియా.

"పెండ్లిపిల్ల మేనమామను. నేను బస్సు నూకాల్నా?"

"మేనమామవైతే జల్ది పోవాల్నా, వద్దా?"

"బొగ్గుల బస్తాను దింపి నూకిపియ్యి. గది గద ముందు సీట్ల కూసున్నది."

నెడుతున్నవాళ్లు ఆ మాటకు నవ్వారు. నవ్వితే కొంత బలం పోతుంది కదా, బస్సు వెనక్కి జరిగింది. "పుణ్యముంటది, నువ్వు నూకకున్న మంచిదే, నవ్వియ్యకు" అన్నాడు తాడ్వాయి ఆయన.

ఇంకేముంది. హనుమాండ్లు నాలుగు అడుగులు వెనక్కి వేసి, మలుపు దగ్గర రేలచెట్టు కింద ఒక బండ చూసుకున్నాడు. పై నుంచి చూసేవాళ్లకు కనబడే బండ. ఎవరికీ కనబడకుండా ఉన్నట్టుండే బండ. అన్నీ కుదిరాయి. కూర్చున్నాడు.

బస్సు అందుకుంది. మగవాళ్లు ఉరికి వేలాడారు. గుట్ట కొస దగ్గర బండి నెమ్మదిస్తే ఆడవాళ్లు ఎక్కారు. పై నుంచి సాలవ్వ గొంతు వచ్చింది.

"ఇగో, బండి కదులుతున్నది."

తల తిప్పలేదు.

"ఇగో, వస్తున్నవా, లేదా?"

నిట్టూర్చాడు. బాగా కుదిరింది నిట్టూర్పు. మూడో పిలుపు కోసం "నేనేం అలగలే" అనే మాటను నోట్లో సిద్ధం చేసుకున్నాడు.

మూడో పిలుపు రాలేదు. బస్సు చప్పుడు గుట్ట అవతల సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఆగిపోయింది. పొగ కాసేపు రోడ్డు మీద నిలబడి, అదీ వెళ్లిపోయింది.

హనుమాండ్లు కంగారు పడలేదు. మనిషి లేడని చూసుకుంటారు, వెనక్కి వస్తారు. బస్సు రాకపోతే మనిషిని పంపుతారు. పంపేసరికి తను ఇంకా బాగా కూర్చుని ఉండాలని కాలు మీద కాలు వేసుకున్నాడు. ఎదురుగా చెట్టు మీద ఒక కొండముచ్చు ఉంది. అది కూడా అదే తీరుగా కూర్చుని ఇతన్నే చూసింది. నిట్టూరిస్తే చూసింది. ముఖం తిప్పుకుంటే చూసింది. చివరికి దానికీ విసుగొచ్చి, తోక ఎత్తుకుని వెళ్లిపోయింది. అలిగిన మనిషికి చూసేవాడు లేకపోతే అలక ఎంత కష్టమైన పనో హనుమాండ్లుకు ఆ వేళ తెలిసింది. ఉత్తగా బండ మీద కూర్చున్నట్టే ఉంటుంది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. చెమట తుడుచుకోబోయి చెయ్యి తలకు పెట్టాడు. తల మీద రుమాలు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. రుమాలు సీటు మీద ఉంది. సీటు మీద రుమాలు ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క, ఎవరూ వెతకరు, సాలవ్వ కూడా ఉరికి ఎక్కాడనే అనుకుంటుంది. బస్సు ఇప్పటికి లింగంపేట దాటి ఉంటుంది. పొద్దుగూకే వేళకు గంప లేస్తుంది. ముందు పట్టు పట్టేదెవరు? గౌరవ్వకు చిన్నాయన కొడుకు నర్సింహులు ఒకడున్నాడు, నాగిరెడ్డిపేటవాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు, ఏది పెట్టినా తింటాడు, అలగడానికి కావాల్సిన ఓపికే లేని మనిషి. అలాంటివాడికి ఆ గంప ఒక్కసారి చేతికి వస్తే, రేపు పుట్టే పిల్లలకు కూడా వాడే తాత. ఇవన్నీ ఒక ఎత్తు. శాంతవ్వ గంపలో కూర్చుని, తల వంచుకుని, ముందు పట్టు పట్టిన చేతులు ఎవరివో చూస్తుంది. "అలగ బిడ్డా" అన్న మాట అతని చెవిలో అతని గొంతుతోనే వినబడింది.

లేచాడు. ఎవరూ పిలవకుండా లేవడం అతనికి అదే మొదలు. మోకాళ్లకు కూడా కొత్తగా ఉండి, కాసేపు సహకరించలేదు.

గుట్ట కొస ఎక్కి చూస్తే అవతల వైపు అడవి అంతా కింద పరిచినట్టుంది. పసుపు రేలలు, ఎర్రటి కొత్త చిగుళ్లు, దూరాన ఒక చెరువు అద్దం ముక్కలా. ఇంత అందమైన చోటును దేవుడు సృష్టించింది, కాళ్లకు చెప్పులు కరుస్తుండగా దాన్ని చూస్తూ నడవడానికేనని హనుమాండ్లుకు అర్థమైంది.

దిగుతుంటే తునికాకు కోసేవాళ్లు ఎదురయ్యారు. బీడీలకు ఆకు కట్టలు కట్టే కాలం అది. అందులో పెద్దావిడ మంగవ్వ, ఇతన్ని చూడగానే ఆకు కట్ట కింద పెట్టింది. మన దిక్కున మగవాడు మంచి బట్టల్లో, దుమ్ము కొట్టుకుని, రుమాలు లేని బోడితలతో, ఒక్కడే ఉరుకుతుంటే అడగాల్సిన ప్రశ్న ఒకటే.

"అన్నా, ఎవలు పోయిండ్రే?"

హనుమాండ్లు నోరు తెరిచాడు. లగ్గానికి పోతున్నానంటే, బోడితలతో లగ్గానికా అంటారు. అది సావు కన్నా పెద్ద అపశకునం. "అక్కోళ్ల ఇంటికి పోతున్న" అన్నాడు.

"అయ్యో. అక్కనా?"

"లేదు లేదు. అక్క బాగనే ఉన్నది."

"అయితే బావ."

హనుమాండ్లు ఏమీ అనలేదు. అలా ఆ మధ్యాహ్నం, లింగంపేట అడవిలో, పాపం ముత్తయ్య పోయాడు.

తర్వాత జరిగింది చెప్పుకోవాల్సిందే. మంగవ్వ అతని చెయ్యి పట్టుకుని నీడన కూర్చోబెట్టింది. తోటివాళ్లు కుండలో నీళ్లు తెచ్చి ముఖం కడిగారు. ఒకామె జొన్నగటక ముద్ద, ఒకామె దోసెడు మొర్రిపండ్లు ముందు పెట్టింది. "తిను అన్నా. నువ్వు తినకుంటే పోయినాయన మల్లొస్తడా? నిన్ను సూసి నీ అక్క ధైర్నం తెచ్చుకోవాలె. తిను, నా బంగారం" అని మంగవ్వ వీపు నిమిరింది. ఏ పెళ్లిలోనూ, ఏ చుట్టమూ, ఇంత మనసు పెట్టి అతన్ని బుదరకియ్యలేదు. పుట్టిన దగ్గర నుంచి కోరుకున్న మర్యాద అంతా తునికాకుల మధ్య ఒక్కసారే దొరికింది. అది కూడా బతికున్న బావను చంపుకుంటే దొరికింది. గటక గొంతులో అడ్డం పడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి ఆడవాళ్లంతా ఏడ్చారు.

మంగవ్వకు వరుసకు మరిదయ్యే మల్లయ్య ఎడ్లబండిలో ఆకు తోలుతున్నాడు. ఆవిడ అతన్ని పిలిచి, ఆకు దింపించి, దుఃఖంలో ఉన్న మనిషిని లింగంపేట దాకా దింపమంది. మల్లయ్య మెత్తని మనిషి. ఎడ్లను ఉరికించాడు. లింగంపేట బజారులో, "జరగుండ్రి, సావు కాడికి పోతున్నం" అని కేకేస్తే జనం పక్కకు జరిగి తలలు వంచారు. అక్కడ దిగుతానంటే మల్లయ్య ఒప్పుకోలేదు.

"ఎల్లారెడ్డి దాక నేనే తోల్త. మొఖం సూపు దొరకకుంటే జన్మంత బాధ ఉంటది."

ఎల్లారెడ్డి దగ్గరపడుతుంటే హనుమాండ్లు బండిలో ముందుకు జరిగాడు. "మల్లన్నా, ఒక్క మాట చెప్త, కోపం జెయ్యకు. సావు కాదు. లగ్గం."

మల్లయ్య వెనక్కి తిరిగి అతని తల వంక చూశాడు. "బోడితలతోని లగ్గానికా?"

"రుమాలు ముందుగాల పోయింది. బస్సుల."

మల్లయ్య ముందుకు తిరిగి పగ్గాలు సవరించుకున్నాడు. తర్వాత జాలిగా, "దుఃఖం ఎక్కువైతే గిట్లనే అయితది అన్నా. మా అయ్య పోయిన్నాడు నేను గూడ నవ్విన. పరేషాన్ గాకు, కండ్లు మూసుకొని కూసో" అని ఎడ్లను ఇంకొంచెం తరిమాడు. ఆ మనిషి నమ్మి ఉంటే, బండి అంత జోరుగా పోయేది కాదు.

పొద్దు గుట్టల మీదికి వాలుతుండగా ఎల్లారెడ్డి వచ్చింది. డప్పులు వినబడ్డాయి. "పీనుగను లేపుతున్నట్టున్నరు" అన్నాడు మల్లయ్య, తలకు చుట్టుకున్న గుడ్డ తీస్తూ. అంతలో సన్నాయి వినబడింది. మామిడాకుల తోరణం, పసుపు పూసిన గుంజలు కనబడ్డాయి. తీసిన గుడ్డను అతను మళ్లీ చుట్టుకున్నాడు. పందిరి ముందు ఒక పెద్దమనిషి పసుపు బట్టలతో ఎవరినో గట్టిగా తిడుతున్నాడు.

"గాయన ఎవరు?"

"మా బావ."

మల్లయ్య ముత్తయ్యను పై నుంచి కింది దాకా చూశాడు. "మంచిగనే ఉన్నడు."

"ఉన్నడు."

"మా ఒదినె ఏడ్సింది ఆయన కోసం." మల్లయ్య ఎడ్లను విప్పాడు. "నేను బువ్వ తినే పోత. నువ్వేమన్న అనుకో."

బోడితలతో ముందు వాకిలి నుంచి లగ్గం ఇంట్లోకి పోవడం కుదరదు. హనుమాండ్లు పెరటి దిక్కున కొట్టంలో దూరి, తడక సందులోంచి చూశాడు.

పందిరి వాకిట్లో వడ్లు పోసిన గంప. గంపలో శాంతవ్వ, తల వంచుకుని. గంప ముందు అంచుకు ఎర్రంచు తెల్ల రుమాలు ముడివేసి ఉంది. దానికి ఎవరో బొట్టు కూడా పెట్టారు. పక్కన ఒక విస్తరి, అందులో పూర్ణాలు. వెనక పట్టుకు నర్సింహులు నిలబడి ఉన్నాడు. నవ్వుతూనే ఉన్నాడు గానీ, ఆ నవ్వు అంత సుఖంగా లేదు.

కొట్టం పక్కనే ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే కథంతా తెలిసిపోయింది. బస్సు దిగిన సాలవ్వ రుమాలు ఒక్కటే పట్టుకుని వచ్చిందట. మనిషేడంటే, "గుట్ట మీద అలిగి కూసున్నడు" అందట. ముత్తయ్య బండి కట్టమంటే రాములవ్వ ఆపిందట. "దొరల ఇండ్లల్ల పెండ్లికొడుకు రాకుంటే కత్తి పెట్టి లగ్గం జేస్తరు గద. మేనమామకు రుమాలు ఎందుకు అక్కరకు రాదు? కాళ్లకు నీళ్లియ్యుండ్రి, బువ్వ పెట్టుండ్రి." అలాగే చేశారట. రుమాలును ముత్తయ్య తనే ఎదురెళ్లి తెచ్చాడట. "గీ బామ్మర్ది మంచోడు. ఏం పెట్టినా ఏమంటలేడు" అని ఊరంతా వినేటట్టు చెప్పాడట.

హనుమాండ్లు విన్నాడు. ఒక మనిషిని ఇంతకన్నా అవమానం చేయడం ఎవరి తరమూ కాదు. తన జన్మలో ఇంత మంచి అలకకు అవకాశం రాలేదు, ఇక రాదు కూడా. కొట్టం వెనకే గడ్డివాము ఉంది. చిన్నప్పుడు ఎక్కినదాని కన్నా ఎత్తుగా ఉంది.

"ముహూర్తం మించుతున్నది, లేపుండ్రి" అన్నాడు అయ్యగారు.

నర్సింహులు వంగాడు. అప్పుడు శాంతవ్వ తల ఎత్తకుండానే చెయ్యి చాపి, గంప అంచుకున్న ముడి విప్పి, రుమాలును ఒళ్లో పెట్టుకుంది.

"ఏందే గది?" అంది గౌరవ్వ.

"జరసేపు ఆగుండ్రి. మామ నాకు ఒట్టు పెట్టిండు."

"మీ మామ ఒట్టు గుట్ట మీద ఉన్నది బిడ్డా" అంది రాములవ్వ.

సాలవ్వ మాత్రం అటు చూడటం లేదు. ఆవిడ కొట్టం వైపు చూస్తోంది. తడక కింది నుంచి దుమ్ము కొట్టుకున్న రెండు పాదాలు కనబడుతున్నాయి. కాపురం చేసిన మనిషికి ముఖమే చూడాలని ఏముంది. ఆవిడ శాంతవ్వ ఒళ్లోంచి రుమాలు తీసుకుని, నడిచి వచ్చి, తడక మీద వేసింది. పిలవలేదు. ఒక్కసారి కూడా పిలవలేదు. వేసి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

తడక మీద రుమాలు కాసేపు అలాగే ఉంది. తర్వాత మెల్లగా అవతలికి జారింది.

రుమాలు చుట్టుకున్న హనుమాండ్లు పెరటి నుంచి నడిచి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా, గంప ముందు అంచు పట్టుకుని వంగాడు. డప్పులు అందుకున్నాయి. గంప బరువుకు అతను ఒక అడుగు తూలాడు. నర్సింహులు వెనక నుంచి, "పట్టు అన్నా, నేనున్న" అన్నాడు. పాపం ఆ మనిషి మంచివాడే.

శాంతవ్వ వంచిన తల వంచినట్టే ఉంచి, అతనికి మాత్రమే వినబడేటట్టు అడిగింది. "మామా, అలిగినవా?"

"లేదు బిడ్డా. నడిచిన."

ఆ పిల్ల గంపలో నిట్టూర్చింది, చిన్నప్పటి తీరుగానే. హనుమాండ్లుకు నవ్వు వచ్చి గంప ఒక పక్కకు వంగింది, వడ్లు కొన్ని ఒలికాయి. అయ్యగారు కసిరాడు.

బువ్వల దగ్గర ఇంకో తమాషా. రుమాలుకు వేసిన విస్తరి ముందే హనుమాండ్లును కూర్చోబెట్టారు. రుమాలు తినకుండా మిగిల్చిన పూర్ణాలు అతను ఒకటి వదలకుండా తిన్నాడు, పప్పు ఆలస్యంగా వచ్చినా ఏమీ అనలేదు. అది చూసి చుట్టాలకు భయం పట్టుకుంది. ముత్తయ్య వచ్చి, "బామ్మర్ది, ఏమన్న తప్పయితే మనసుల పెట్టుకోకు" అన్నాడు. గౌరవ్వ వచ్చి నెయ్యి పోసింది. రాములవ్వ వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "పానం మంచిగ లేదా పోరగా? అలుగుత లేవు."

"నేనేం అలగలే" అన్నాడు హనుమాండ్లు. ఆ మాటకు అర్థం తెలిసినవాళ్లు కనక ఒక్కరూ నమ్మలేదు. నలుగురు కలిసి ఇంకో పూర్ణం పెట్టారు. పందిరి అవతలి కొసన మల్లయ్య, ముత్తయ్యనే చూస్తూ, మూడు విస్తర్ల బువ్వ తిన్నాడు.

తిరుగు ప్రయాణంలో అదే బస్సు, అదే ఖాజామియా, ముందు సీట్లో అదే బస్తా. గుట్ట అవతలి వైపు ఎక్కుతూ బండి ఆగింది. హనుమాండ్లు అందరికన్నా ముందు దిగాడు. రుమాలును తలకు బిగించి కట్టుకుని దిగాడు. ఆడవాళ్లు పైకి నడవడానికి కదులుతుంటే, లగ్గం రోజు నుంచి అడగాలనుకున్నది అడిగేశాడు.

"ఏమే, ఆ దినం మూడోసారి ఎందుకు పిలువలే?"

సాలవ్వ రోడ్డు పక్కన రాలిన రేలపూలను కాలితో జరుపుతూ అంది. "రెండుసార్లు నేను పిలిసిన. మూడోసారి నువ్వు పిలుస్తవేమోనని సూసిన."

ఆవిడ పైకి నడిచింది. హనుమాండ్లు బస్సు వెనక భుజం ఆనించి నెట్టాడు. పొగ ముఖం నిండా కొట్టింది. బండి అందుకునేసరికి పట్టు జారి, అందరికన్నా వెనకబడ్డాడు. గుట్ట కొసన ఆడవాళ్లు ఎక్కారు. సాలవ్వ వెనక తలుపు దగ్గరే కూర్చుంది.

"సాలవ్వా, ఆగుమను" అని అరిచాడు ఉరుకుతూ.

ఆవిడ తల తిప్పలేదు.

"ఇగో, సాలవ్వా."

ఆవిడ నిట్టూర్చింది. దూరం నుంచి కూడా కనబడింది ఆ నిట్టూర్పు. బస్సు అవతలి వైపు దిగడానికి ముక్కు వంచింది.

"ఓ సాలవ్వా, నన్ను ఇడిచి పోకే."

"నేనేం అలగలే" అంటూ సాలవ్వ చెయ్యి చాపింది.